పక్షమను మాటకు యువజనులు చెప్పిన యర్థము

గత కొన్ని సంవత్సరములుగా మన పల్లెలలో పెద్దల నోట ఒక యాక్షేపణ తరచుగా వినవచ్చుచున్నది. ఈ కాలపు పడుచువాండ్రకు నిలుకడ లేదనియు, నిన్న నొక జెండా పట్టినవాడు నేడు వేరొక జెండా పట్టుచున్నాడనియు, రాజకీయ పక్షములయెడ వీరికి భక్తి గాని విశ్వాసము గాని లేదనియు దాని సారాంశము. మేము వృత్తిచేత ఉపాధ్యాయులము. మాయొద్ద చదివి పోయిన బాలబాలికలు మూడు నాలుగేండ్లు తిరుగకముందే ఓటర్ల జాబితాలో కెక్కుచున్నారు. కావున ఈ యాక్షేపణము ఎంతవరకు నిజమో విచారించుట మా విధి యని తోచినది. విచారింపగా, సమాధానము ఈనాటి పత్రికలలో కంటె గడచిన నూరేండ్ల చరిత్రలో ఎక్కువగా దొరకినది. దానినే పాఠకుల ముందుంచుచున్నాము.

హైదరాబాదునుండి చేవెళ్లకు పోవు బీజాపూరు రోడ్డునకు ఇరుప్రక్కల మర్రిచెట్లు బారులు తీర్చియున్నవి. ఆ ప్రాంతముననే మొయినాబాదు మండలములో సురంగల్ అను గ్రామము కలదు. 2023 నవంబరు నెలలో, శాసనసభ యెన్నికలకు కొలది దినములు ముందు, మాయొద్ద చదివిన యొక బాలిక యింటికి మేమచ్చటికి పోయియుంటిమి. తాత అరుగుమీద కూర్చుండియుండెను. ఆయన మాతో, "సార్, మా ఇంట్ల ఆరు ఓట్లున్నయి. ఇన్నేండ్లు ఆరూ ఒక్కతాననే పడ్డయి. ఇప్పుడీ పోరి, నా ఓటు నా ఇష్టం అంటున్నది. జర మీరన్న చెప్పుండ్రి" అనెను. మనుమరాలు లోపలినుండి వచ్చి, "తాతా, ఆ గుర్తుకు ఎందుకెయ్యాల్నో చెప్పు, నేను గూడ ఏస్త. అన్న రాసిన పరీక్ష రెండుసార్లు రద్దయింది. ఎవల్ని అడగాలె?" అని ప్రశ్నించెను. తాత నవ్వి, "ఎందుకంటే ఏం జెప్పాలె బిడ్డా, మా నాయిన గూడ దానికే ఏసిండు" అనెను. ఆ యింట మేము త్రాగిన చాయ చల్లారకముందే ముగిసిన యీ సంవాదము మమ్ము చాలదినములు విడువలేదు. తాత మాటలో అబద్ధము లేదు. మనుమరాలి మాటలో అవినయము లేదు. అయినను ఒకే మాటను ఇరువురును రెండర్థములలో వాడిరి. ఆ మాట పక్షము.

సంస్కృతమున పక్షమను పదమునకు పెక్కర్థములు కలవు. పక్షి రెక్క పక్షము. పదునైదు దినములు పక్షము. వివాదములో నొక వైపు పక్షము. మన పెద్దలు రాజకీయ పక్షమును ఈ కడపటి యర్థముననే గ్రహించిరి. ఒకమారు వైపు చూచుకొన్న తరువాత దానిని విడుచుట ద్రోహమని వారి భావము. కాని తర్కశాస్త్రమున నీ పదమునకు వేరొక యర్థము కలదు. సాధింపవలసినది యెచ్చట ఉన్నదో లేదో యని సందేహించుచున్నామో ఆ చోటునకు పక్షమని పేరు. దూరమున నొక కొండ కనబడుచున్నది. దానిమీద నిప్పున్నదా లేదా యని సందేహము. అప్పుడు కొండ పక్షము, నిప్పు సాధ్యము, పొగ హేతువు. పొగ కనబడినచో నిప్పున్నదని నిర్ణయింతుము. మా తండ్రి ఆ కొండమీద నిప్పున్నదని చెప్పెను గనుక ఉన్నదే యని తార్కికు డెవ్వడును వాదింపడు. సురంగల్ బాలిక తర్కము చదివినది కాదు. అయినను ఆమె యడిగినది హేతువునే.

బ్రిటిషు రాజనీతిజ్ఞుడైన ఎడ్మండ్ బర్కు 1770లో పక్షమును గూర్చి వ్రాయుచు, అందఱు అంగీకరించిన యొక సూత్రమును పట్టుకొని ఉమ్మడి యత్నముచేత దేశహితమును సాధింప కూడినవారే పక్షమని భావించెను. ఆ సూత్రము నిలిచినంతకాలము పక్షము నిలుచును. సూత్రము పోయి కూటమి మాత్రము మిగిలినచో దానికేమి పేరు పెట్టవలయునో బర్కు చెప్పలేదు గాని, తెలంగాణపు యువజనులు తమ నడతచేత నాలుగైదు మారులు చెప్పిరి.

మొదటి సంఘటనము ఓటన్నది లేనినాటిది. నిజాము రాజ్యమున సామాన్య ప్రజలకు ఓటులేదు. 1921లో హైదరాబాదున జరిగిన సంఘసంస్కరణ సభలో ఒక తెలుగు న్యాయవాది తెలుగున మాటలాడబోగా సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండి ఆంధ్ర జనసంఘము పుట్టెను. అదియే పెరిగి 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన తొలి ఆంధ్రమహాసభ యయ్యెను. సురంగల్ ఉన్న మొయినాబాదు మండలముననే పెద్దమంగళారమను గ్రామము కలదు. 1890లో కొండా వెంకట రంగారెడ్డిగారు జన్మించిన దచ్చటనే. నేటి రంగారెడ్డి జిల్లా వారి పేరనే వెలయుచున్నది. వారు 1936లో షాద్‌నగరున జరిగిన ఆంధ్రమహాసభకును, 1943లో హైదరాబాదున జరిగిన సభకును అధ్యక్షులుగా నుండిరి. గ్రంథాలయములు, తెలుగు బడులు, వర్తకుల కష్టములు, వెట్టిచాకిరి - వీనిని గూర్చి తీర్మానములు చేసి ప్రభుత్వమునకు విన్నవించుట ఆ పెద్దల పద్ధతి.

ఆ పెద్దలు పెట్టిన గ్రంథాలయములలో చదువుకొన్న పిల్లలే 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములలో వందేమాతరము పాడి బహిష్కృతులైరి. పెక్కుమంది నాగపూరునకు పోయి చదువు ముగించుకొనిరి; పిదప దేశమునకు ప్రధానమంత్రి యైన పి. వి. నరసింహారావుగారు వారిలో నొకరు. చదువునేర్చిన యువకులకు తీర్మానములు చాలలేదు. దున్నువాని భూమి మాటయేమి, వెట్టి యెన్నడు పోవును అని వారడిగిరి. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతన జరిగిన సభలో సభ్యత్వపు రుసుము రూపాయినుండి నాలుగణాలకు తగ్గెను. మహాసభ యువకుల చేతిలోనికి పోయెను. రంగారెడ్డిగారు మొదలగు మితవాదులు వేరుపడిరి. పెద్దలకది కృతఘ్నతగా తోచియుండవచ్చును. కాని యువకులు విడిచినది పెద్దలను కాదు. పెద్దలు నేర్పిన ప్రశ్ననే ఇంకొక మెట్టు పైకి కొనిపోయిరి.

1952లో సార్వత్రికమైన తొలి యెన్నికలు వచ్చెను. 21 ఏండ్లు నిండిన స్త్రీపురుషులందఱును ఓటర్లైరి. కమ్యూనిస్టు పక్షముపై హైదరాబాదు రాజ్యమున నిషేధముండుటచే దాని యభ్యర్థులు ప్రజాస్వామ్య కూటమి పేర నిలిచిరి. నల్లగొండనుండి రావి నారాయణరెడ్డిగారికి 3 లక్షలకు పైగా ఓట్లు వచ్చెను. నెహ్రూగారికి వచ్చిన యోట్లకంటె అవి యధికము. సాయుధపోరాటము కనులార చూచిన తరము వేసిన యోటది. అయినను రాజ్యమున కాంగ్రెసు ప్రభుత్వమే యేర్పడెను. ఆ సంవత్సరముననే సెప్టెంబరులో, ఉద్యోగములలో స్థానికులకు న్యాయము జరుగలేదని విద్యార్థులు ముల్కీ యాందోళనము సాగింపగా హైదరాబాదున కాల్పులు జరిగి ప్రాణములు పోయెను. స్వతంత్రదేశమున ఓటును ఉద్యోగమును ఒక్క త్రాటను ముడివేసి యడిగిన మొదటి తరమదియే యని మేము తలంతుము. ఆ ముడి నేటికిని విడలేదు.

1956 ఫిబ్రవరి 20వ తేదీన ఆంధ్ర తెలంగాణ నాయకులు పెద్దమనుషుల యొప్పందమును చేసికొనిరి. తెలంగాణ పక్షమున సంతకము చేసిన నలుగురిలో బూర్గుల రామకృష్ణరావు, జె. వి. నరసింగరావుగార్లతో బాటు రంగారెడ్డిగారును, వారి మేనల్లుడు మఱ్ఱి చెన్నారెడ్డిగారును ఉండిరి. ఒప్పందము కాగితముమీద నుండెను. దాని యమలు జరుగలేదని 1969లో పాల్వంచలోను ఖమ్మములోను మొదలైన విద్యార్థుల యాందోళనము తెలంగాణ మంతట వ్యాపించెను. ఆ యుద్యమమున 369 మంది ప్రాణములు కోల్పోయిరని ఉద్యమకారుల లెక్క. చెన్నారెడ్డిగారి నాయకత్వమున తెలంగాణ ప్రజాసమితి 1971 లోకసభ యెన్నికలలో 14 స్థానములకు 10 గెలిచెను. అది రక్తము చెల్లించి కొనుకొన్న విజయము. ఆ యేటి సెప్టెంబరులోనే ప్రజాసమితి కాంగ్రెసులో కలిసిపోయెను. ఓటు వేసినవాడు ఎచ్చట నుండెనో అచ్చటనే యుండెను; ఓటు పుచ్చుకొన్నవాడు ప్రత్యర్థి యింటికి నడిచిపోయెను.

ఈ సంఘటనమును పాఠకులు మనసున నుంచుకొనవలయును. పక్షములు మార్చుట యువకుల చాపల్యమని యనువారు, ఎవరు ముందు మారినదియు గుర్తింపకున్నారు. 1971 తరువాత నొకతరము యువకులు ఎన్నికలనే త్రోసిపుచ్చి యడవిదారి పట్టుటకు ఇదియొక్కటే కారణమని మేమనము. కాని నమ్మిన యోటు చేతులు మారినప్పుడు కలుగు విరక్తి వానిలో నొకటి కాదని యెవరనగలరు?

తరువాతి మలుపు 1982 మార్చి 29వ తేదీన నందమూరి తారకరామారావుగారు తెలుగుదేశమును స్థాపించుటతో వచ్చెను. తొమ్మిది నెలలలో, 1983 జనవరిలో, 294 స్థానములకు 200కు పైగా ఆ పక్షము గెలిచెను. అభ్యర్థులలో చదువుకొన్న క్రొత్తవారు పెక్కండ్రు. తాతలు తండ్రులు కాంగ్రెసునకే వేయుచువచ్చిన యిండ్లలో కుమారులు మొదటిసారి వేఱుగా ఓటువేసిరి. 1984లో ఆ ప్రభుత్వము వంశపారంపర్యపు గ్రామోద్యోగములను రద్దుచేయగా, తెలంగాణ పల్లెలలో పటేలు పట్వారీల యధికారము కూలెను. ఊరి యోట్లను మూటగట్టి యిచ్చుటకు ఒక మనుష్యుడు తక్కువయ్యెను. ఇది యెన్నికల చరిత్రలో చిన్న విషయముగా కనబడును. ఇంటి చరిత్రలో పెద్దది.

ప్రపంచమంతటను ఆ కాలమున ఓటు వయస్సు తగ్గుచుండెను. బ్రిటనులో 1969లోను, అమెరికాలో 1971లోను 18 ఏండ్లవారికి ఓటు వచ్చెను. మన రాజ్యాంగమునకు జరిగిన 61వ సవరణము 1989 మార్చి 28న అమలులోనికి వచ్చి, 21 ఏండ్ల వయస్సును 18కి దించెను. ఆ సవరణము చేసినది రాజీవ్ గాంధీగారి ప్రభుత్వము. ఆ యేటి చివర జరిగిన యెన్నికలలో దేశమున కాంగ్రెసు అధికారము కోల్పోయెను. మన రాష్ట్రమున తెలుగుదేశము కోల్పోయి కాంగ్రెసు గెలిచెను. ఓటు నిచ్చినవానికే ఓటు వేయవలయునను నియమము ఆ 18 ఏండ్లవారు పాటింపలేదు. పాటింపకుండుటయే ఓటన నేమో వారికి తెలిసినదనుటకు సాక్ష్యము.

మేము మొదట ఓటు వేసినది 1999లో. మా యోటును నిలుకడగా నిలువలేదని చెప్పుకొనుటకు మేము సిగ్గుపడము. 2003 ఏప్రిల్ 9న వై. యస్. రాజశేఖరరెడ్డిగారు చేవెళ్లనుండియే ఇచ్ఛాపురమునకు పాదయాత్ర మొదలిడిరి. మరుసటి యేడు ప్రభుత్వము మారెను. అంతకు ముందే, 2001 ఏప్రిల్ 27న, కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు తెలంగాణ రాష్ట్రసమితిని స్థాపించియుండిరి. 2009 నవంబరు 29న వారు నిరాహారదీక్షకు పూనగా ఉస్మానియా విద్యార్థులు వీథులలోనికి వచ్చిరి. ఆత్మాహుతి చేసికొన్న శ్రీకాంతాచారి డిసెంబరు 3న కన్నుమూసెను. 9వ తేదీ రాత్రి కేంద్రప్రభుత్వ ప్రకటన వెలువడెను. నీళ్లు, నిధులు, నియామకాలు అను మూడు మాటలు అప్పటి పిల్లలకు నోటికి వచ్చినంతగా పద్యములును రాలేదు. 2014 జూన్ 2న రాష్ట్ర మేర్పడెను. ఆ యేడు 119 స్థానములలో 63, 2018లో 88 ఆ పక్షమునకు దక్కెను.

ఇప్పుడు 2023 సంగతి. 2014లో నాలుగవ తరగతి చదివినవాడు 2023 నాటికి ఓటరయ్యెను. వానికి ఉద్యమము స్మృతి కాదు, పాఠము. పాఠము పుస్తకములో నుండును. నియామకము జీవితములో నుండవలయును. 2022 అక్టోబరులో జరిగిన గ్రూపు-1 ప్రాథమికపరీక్ష ప్రశ్నపత్రములు బయటపడుటచే 2023 మార్చిలో రద్దయ్యెను. జూన్ నెలలో మరల జరిగినది సెప్టెంబరులో ఉన్నతన్యాయస్థానపు తీర్పుచే రద్దయ్యెను. మూడు మాటలలో మూడవది యిట్లు విరిగినది. ఇంతలో 2022లో ఆ పక్షము తన పేరునుండి తెలంగాణ యను పదమునే తీసివైచి భారత రాష్ట్రసమితి యయ్యెను. 2023 నవంబరు 30న జరిగిన పోలింగులో దానికి 39, కాంగ్రెసునకు 64 స్థానములు వచ్చెను. పాలకుర్తిలో 26 ఏండ్ల యశస్వినీరెడ్డిగారు అనుభవజ్ఞుడైన మంత్రి యెఱ్ఱబెల్లి దయాకరరావుగారిని ఓడించిరి. కొల్లాపురమున, చదువుకొని ఉద్యోగము రాక బఱ్ఱెలు కాచుకొనుచున్నానని చెప్పి ప్రసిద్ధికెక్కిన యువతి స్వతంత్రముగా నిలిచి 5 వేలకు పైగా ఓట్లు తెచ్చుకొనెను. ఆమె గెలువలేదు, కాని ఏ పక్షమునకును చెందని యా యోట్లు అన్ని పక్షములకును వ్రాసిన యుత్తరమువంటివి. ఆరునెలలు తిరుగక 2024లో జరిగిన లోకసభ యెన్నికలలో కాంగ్రెసునకు 8, భారతీయ జనతాపక్షమునకు 8, మజ్లిసునకు 1 స్థానము రాగా, పదేండ్లు పాలించిన పక్షమునకు 17లో ఒక్కటియు దక్కలేదు.

చాపల్యమను మాట ఇచ్చటనే పెద్దలు వాడుదురు. సరే, చేవెళ్ల లోకసభ స్థానమునే పరీక్షింతము. 2019లో అచ్చట రంజిత్ రెడ్డిగారు తెలంగాణ రాష్ట్రసమితి పక్షమునను, రంగారెడ్డిగారి మనుమడు కొండా విశ్వేశ్వరరెడ్డిగారు కాంగ్రెసు పక్షమునను పోటీ చేసిరి. మొదటివారు 14 వేల పైచిలుకు ఓట్లతో గెలిచిరి. అంతకు ముందు 2014లో విశ్వేశ్వరరెడ్డిగారు గెలిచినది రాష్ట్రసమితి తరపుననే. 2024లో మరల వీరిరువురే ప్రధాన ప్రత్యర్థులు. ఇప్పుడు రంజిత్ రెడ్డిగారు కాంగ్రెసు. విశ్వేశ్వరరెడ్డిగారు భారతీయ జనతాపక్షము. ఈసారి రెండవవారు 1 లక్షా 70 వేలకు పైగా ఆధిక్యముతో గెలిచిరి.

పాఠకులు ఒక్క నిమిషము ఆలోచింతురు గాక. నిలుకడగల కాంగ్రెసువాడొకడు రెండుమారులును తన పక్షమునకే ఓటువేసెననుకొందము. వాడు 2019లో విశ్వేశ్వరరెడ్డిగారికిని, 2024లో వారి ప్రత్యర్థికిని వేసినవాడగును. నిలుకడగా నొక మనిషినే నమ్ముకొన్నవాడు పక్షమును మార్చినవాడగును. ఏ దారిని పోయినను వాని నిలుకడ చెడకమానదు! ఆ నాయకులకు వారి వారి కారణములు ఉండవచ్చును. వానిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. పక్షమునకును మనిషికిని నడుమ ముడి విడిపోయినప్పుడు ఓటరునొక్కని స్థిరముగా నుండుమనుట న్యాయము కాదని మాత్రమే మేము చెప్పుచున్నాము.

చేవెళ్ల శాసనసభ స్థానపు చరిత్రయు నిట్టిదే. 2014లో కాంగ్రెసు తరపున గెలిచిన కాలె యాదయ్యగారు పిదప రాష్ట్రసమితిలో చేరి 2018లో దాని తరపున గెలిచిరి. 2023లో మరల అదే పక్షమున నిలిచి 268 ఓట్ల ఆధిక్యముతో బయటపడిరి. 2024 జూన్‌లో వారు కాంగ్రెసులో చేరిరని పత్రికలు వ్రాసెను. అది ఫిరాయింపగునా కాదా యను వివాదము సభాపతి యెదుటికిని న్యాయస్థానమునకును పోయెను. ఫిరాయింపులను అరికట్టుటకు 1985లో 52వ సవరణము రాజ్యాంగములో చేరినది. 2003లో 91వ సవరణము దానిని బిగించినది. చట్టము బిగించినకొలది దారులు వెదకువారి నేర్పు పెరిగినది.

268! ఈ సంఖ్యను మేము మా తరగతిలో నల్లబల్లమీద వ్రాసి చూపితిమి. ఒక యున్నతపాఠశాలలో ఉదయమున వందనగీతమునకు నిలుచు పిల్లల సంఖ్య ఇంతకంటె తక్కువ యుండదు. "మా ఒక్కరి యోటుతో నేమగును" అను మాట ఆ దినమునుండి మా తరగతిలో వినబడలేదు.

ఇంతవరకు మేము యువజనుల తరపున వాదించితిమి. వారియందు దోషములు లేవని కాదు. మొయినాబాదు మండలముననే చిలుకూరు బాలాజీ కోవెల కలదు. విదేశములకు పోదలచిన పిల్లలు వచ్చి 11 ప్రదక్షిణములు చేసి కోరుకొందురు. వీసా వచ్చిన తరువాత 108 ప్రదక్షిణములు చేసి మ్రొక్కు చెల్లింతురు. రాజకీయ పక్షములయెడ నేటి యువకుని భావమును దీనితో పోల్చవచ్చును: ముందు ఫలము, పిదప భక్తి. ఇందు మెలకువ కలదు, లోపమును కలదు. దేవునియొద్ద మనిషి తనకొరకు మాత్రమే కోరుకొనవచ్చును. ఓటు తనకొక్కనికి సంబంధించినది కాదు.

ఈ ప్రాంతపు నీళ్ల సంగతియే చూడుడు. 1908 మూసీ వరద తరువాత హైదరాబాదును కాపాడుటకును, త్రాగునీటికొరకును ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు 1920 దశకము ముగియక ముందే నిర్మింపబడెను. వీని పరీవాహక ప్రదేశమును కాపాడుటకు 1996లో 111వ సంఖ్యగల ప్రభుత్వోత్తర్వు 84 గ్రామములలో పెద్దకట్టడములను నిషేధించెను. మొయినాబాదు మండలమునందలి గ్రామములు పెక్కులు వానిలో చేరినవి. తమ పొలమునకు పొరుగూరి ధర రాలేదని రైతుల బాధ. అది నిజమైన బాధ. 2022లో 69వ సంఖ్యగల యుత్తర్వుచే ఆ కట్టుబాట్లు సడలింపబడెను. నేలధర పెరుగుట మంచిదా, చెరువునీరు నిలుచుట మంచిదా, రెండును పొందు మార్గము కలదా అను ప్రశ్నకు ఏ జెండాయు తనంతట సమాధానము చెప్పదు. ఓటరు చదివి, అడిగి, లెక్కగట్టి తెలిసికొనవలయును. చేతిలోని ఫోనులో అరనిమిషపు దృశ్యమును చూచి పక్షము మార్చువాడు, తండ్రి చెప్పెనని పక్షమును పట్టుకొన్నవానికంటె మెరుగు కాడు. ఇరువురికిని హేతువు లేదు.

మఱియొక దోషము ఓటునే వేయకుండుట. 2023లో రాష్ట్రమంతట నూటికి 71 మంది ఓటువేయగా హైదరాబాదు జిల్లాలో సగము మందియు వేయలేదు. చేవెళ్ల లోకసభ స్థానమున ఒక కొస తాండూరు, పరిగి పొలములు. రెండవ కొస శేరిలింగంపల్లిలోని కంప్యూటరు కార్యాలయములు. పెద్ద చదువులు చదివిన కొసననే ఓటింగు తగ్గుట చదువు చెప్పు మాకు సిగ్గుగా నున్నది. ఇక డబ్బు పుచ్చుకొని ఓటువేయుట యన్నది పెద్దలు పిన్నలు అను భేదము లేని వ్యాధి. దానిని యువజనుల నెత్తిన పెట్టుట పెద్దలకు తగదు. ఆ నోటును ఇంటిలోనికి తెచ్చి లెక్కపెట్టి పంచుచున్నది తరచుగా ఇంటి పెద్దయే.

ఇందులకే ఈ వ్యాసమును గృహస్థుల కుద్దేశించి వ్రాయుచున్నాము. పటేలు పట్వారీలు పోయిరి. ఊరి యోట్ల మూట విడిపోయినది. ఇంటి యోట్ల మూట ఇంకను విడలేదు. సురంగల్ తాత "మా ఇంట్ల ఆరు ఓట్లు" అన్నప్పుడు ఆయన లెక్కలో ఆరుగురు మనుష్యులు లేరు. ఒక మనిషియు ఆరు వ్రేళ్లును ఉన్నవి. ఆ యాఱింటిలో మూడు స్త్రీలవి. భార్య, కోడలు, మనుమరాలు - వీరి యోటు ఎవరిదని 1950లోనే రాజ్యాంగము నిర్ణయించినది. ఇంటిలో నిర్ణయము ఇంకను మిగిలియున్నది. బాల్యవివాహములను మాన్పుటకు, బాలికలను బడికి పంపుటకు మన ముత్తాతల కాలమున సంస్కర్తలు ఎంత పాటుపడిరో, నేటి గృహస్థుడు తన యింటి స్త్రీ యోటును ఆమెకు విడిచిపెట్టుటకు అంత పాటుపడవలసిన యవసరము లేదు. అరుగుమీద కూర్చుండి ఒక్క మాట మానిన చాలును. అయినను ఆ యొక్క మాట మానుట యెంత కష్టమో మేమును మా యింట ఎరుగుదుము.

విడిచిపెట్టుట యొక్కటే చాలదు. ఎన్నికల ముందు ఒక సాయంకాలము ఇంటిల్లపాది కూర్చుండి, క్రిందటిసారి ఎవరెవరు ఏమేమి చెప్పిరో, దానిలో నేది జరిగెనో, ఏది జరుగలేదో ఒక కాగితముమీద వ్రాసికొనిన బాగుండును. తాతకు 1969 జ్ఞాపకము. తండ్రికి 1983 జ్ఞాపకము. మనుమరాలికి 2023 జ్ఞాపకము. మూడు జ్ఞాపకములు ఒకచోట చేరినగాని ఒక పక్షపు నిజస్వరూపము తెలియదు. పిన్నలకు చరిత్ర లేకపోవుట లోపము. పెద్దలకు ప్రశ్న లేకపోవుట లోపము. ఒకరి లోపమును ఒకరు తీర్చుకొనుటకు ఇంటికంటె మంచి పాఠశాల లేదు. పిదప ఎవరి యోటు వారిది.

ఆ 2023 నవంబరులో మేము లేచి వచ్చుచుండగా తాత మనుమరాలితో, "సరే బిడ్డా, నీ ఓటు నువ్వు ఏసుకో. గని నీ అవ్వను మాత్రం చెడగొట్టకు" అనెను. లోపల పొయ్యియొద్దనుండి అవ్వ, "నన్నెవలు చెడగొడుతరు? నాకేం నోరు లేదా?" అని జవాబు చెప్పెను. ఆ యింటిలోని ఆరు ఓట్లు ఎటు పడినవో మేమడుగలేదు. అడుగుట ధర్మమును కాదు. ఆ పోలింగు దినమున ఆ యింటినుండి ఒక మూట గాక, ఆరుగురు మనుష్యులు బయలుదేరియుందురని మేము నమ్ముచున్నాము.